యాసంగి వరిలో తడి-పొడి: పైపు దించకముందే చూసుకోవాల్సినవి

బోరు కింద యాసంగి వరి వేసేవాళ్లకు గండం నాట్లప్పుడు కాదు, మార్చిలో. పైరు పొట్ట మీదుంటుంది, ఎండ ముదురుతుంది, బోరు ఆగి ఆగి పోస్తుంది. అప్పటికి నీళ్లుండాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే మిగుల్చుకోవాలి. తడి-పొడి అంటే అదే. మడిలో నీళ్లు ఇంకనిచ్చి, మట్టం నేలకు 15 సెం.మీ. కిందికి దిగాక మళ్లీ 5 సెం.మీ. పెట్టడం. ఎకరంలో 5 సెం.మీ. నిలపాలంటే రెండు లక్షల లీటర్లు కావాలి, ఆరిన నేల తాగేది అదనం. ఒక్క తడి తగ్గినా ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి.

దెబ్బతినేది ఎక్కువగా చదును దగ్గర. నేల లోపలి నీటి మట్టం చూడటానికి మడిలో దించే రంధ్రాల పైపు పల్లంలో ఉంటే అందులో నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి, మెరకలో పైరు వాడుతుంటుంది. దమ్ము చివర పలక తోలేటప్పుడు మడిలో నీళ్లు పలచగా ఉంచితే మెరకలు పైకి తేలి కనిపిస్తాయి. గట్లు చెక్కి, ఎండ్రకాయ బొక్కలు, ఎలుక బొరియలు మూసి బురదతో మెత్తండి.

పైపుకు 110 మి.మీ. పీవీసీ ముక్క చాలు, పొడవు 30 సెం.మీ. కింది 20 సెం.మీ. మేర చుట్టూ 2 సెం.మీ.కి ఒకటి చొప్పున 5 మి.మీ. రంధ్రాలు వేయండి. గట్టుకు మీటరు దూరంలో, మెరకా పల్లమూ కాని చోట, రంధ్రాలున్న భాగమంతా నేలలోకి దించండి. తర్వాత లోపలి బురదను అడుగుదాకా చేత్తో తోడేయాలి. చాలామంది వదిలేసేది ఈ పనినే. కొలవడానికి పుల్లను పైపు అడుగుకు తాకించి తీస్తాం. పుల్లకు తడి 5 సెం.మీ. మాత్రమే ఉంటే నీళ్లు పెట్టే రోజు వచ్చినట్టు. లోపల మట్టి మిగిలితే ఆ పుల్ల అబద్ధం చెబుతుంది. మడికి నీళ్లు పెట్టిన కొన్ని గంటలకు పైపు లోపలా బయటా మట్టం ఒకటి కాకపోతే రంధ్రాలు పూడుకున్నట్టే. పీకి, కడిగి, మళ్లీ దించండి.

నాటిన రెండు వారాలు ఆరబెట్టొద్దు. ఇసుకలో కలిపి చల్లే కలుపు మందు పని చేయాలంటే పలచగా నీళ్లు నిలవాలి. కలుపు బలంగా ఉన్న మడిలో ఇంకో వారం ఆగండి. యూరియా నీళ్లు ఇంకిన మడిలో చల్లి, వెంటనే తడి పెట్టండి. నిలవ నీళ్లలో చల్లితే చాలా భాగం గాలికి పోతుంది. ఈనికకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా పైపును మరిచిపోండి, 5 సెం.మీ. నిలవాల్సిందే. అప్పుడు ఆరితే తాలు గింజలే.

నల్లరేగడిలో పైపు కంటే కన్ను ముఖ్యం. వెంట్రుకవాసి బీట కనిపిస్తే కొలతతో పని లేదు, తడి పెట్టేయండి. బీటలు వెడల్పయ్యాక పెట్టిన నీళ్లు వేరుకు అందకుండా సందుల్లోంచే దిగిపోతాయి. తేలిక నేలల్లో కొత్త ఆకులు పాలిపోయి తెల్లబడితే అది ఇనుప ధాతు లోపం కావొచ్చు, ఆరబెట్టడం ఆపండి. చౌడు నేలల్లో ఈ పద్ధతి జోలికే పోవద్దు, నీళ్లు దిగేకొద్దీ ఉప్పు పైకి తేలుతుంది.

కాలువ కింద అయితే తర్వాతి వంతు ఏ రోజో తెలియకుండా ఆరబెట్టకండి. చుట్టూ మడులన్నీ నిండి ఉంటే ఊటతో మీ పైపులో మట్టం దిగకపోవచ్చు, పక్క రైతులతో కలిసి చేస్తేనే ఫలితం. బోరుకు ఆటో స్టార్టరుంటే ముందు దాన్ని తీసేయండి. కరెంటు వచ్చిందే తడవుగా తిరిగే మోటారుకు పైపులో మట్టంతో పనేముంది?

కోతకు పది రోజుల ముందు నీళ్లు ఆపేసి, హార్వెస్టర్ మడిలో దిగకముందే పైపులు పీకి కడిగి దాచండి. చక్రాల కింద పడితే పీవీసీ ముక్కలే మిగులుతాయి.