సరస్వతి ఆకును తొట్టిలో పెంచుకోవడం ఎలా?

కాలువ గట్లమీద, చెరువు ఒడ్డున ఎవరూ నాటకుండానే అల్లుకుపోయే మొక్క సరస్వతి ఆకు. ఊరికే దొరుకుతోంది కదా అని అక్కడే కోసుకొచ్చి తినడం మాత్రం మంచిది కాదు. మట్టిలోని సీసం వంటి భారలోహాలను ఇది వేళ్లతో పీల్చుకుంటుంది. ఆకును ఎంత కడిగినా అవి పోవు. తినడానికైతే తొట్టిలో పెంచుకోవడమే మేలు.

ముందు మొక్కను సరిగా గుర్తుపట్టాలి. గుండ్రటి ఆకు, ఒక పక్క చీలిక, అంచంతా సన్నని నొక్కులు. కాడ ఆ చీలిక దగ్గరే అతుక్కుని ఉంటుంది. గొడుగు కర్రలా ఆకు నడిమధ్యకు వచ్చిందంటే అది వేరే మొక్క. చిన్నగా, కోలగా, దళసరిగా ఉండే ఆకులైతే అది నీటి బ్రాహ్మి.

విత్తనాల జోలికి వెళ్లకండి, మొలవడానికి చాలా కాలం పడుతుంది. నేలమీద పాకే తీగకు కణుపు కణుపుకూ వేళ్లు దిగుతాయి. అలాంటి కణుపు ఒకటి దొరికితే చాలు. లోతు 15 సెంటీమీటర్లున్న వెడల్పాటి తొట్టిలో తోటమట్టి, బాగా చివికిన కంపోస్టు కలిపి నింపండి. కణుపును వేళ్లు మునిగేలా నొక్కి, ఆకులను పైకే ఉంచండి. వారం పాటు నీడలో ఉంచి, తరువాత ఉదయపు ఎండ తగిలేచోటికి మార్చండి.

తడి ఆరితే ఈ మొక్క ఊరుకోదు. తొట్టి కింద నీళ్ల పళ్లెం పెట్టవచ్చు, కానీ దోమలు చేరకుండా ఆ నీళ్లు రెండు రోజులకోసారి పారబోయాలి. ఎండ ఎక్కువైతే ఆకులు చిన్నవై, ఎర్రబారి, గట్టిపడతాయి. నీడ మరీ ఎక్కువైతే కాడలు సాగిపోతాయి. తొట్టి నిండా అల్లుకున్నాక ఆకును కాడతో సహా కత్తిరించండి, కణుపును మాత్రం కదపకండి. మళ్లీ చిగురు అక్కడి నుంచే వస్తుంది.

లేత ఆకులే రుచి. కొద్దిగా చేదు, వగరు. శ్రీలంకలో దీన్ని గొటుకొల అంటారు. ఆకును సన్నగా తరిగి, ఉల్లిపాయ, కొబ్బరి తురుము, నిమ్మరసం కలిపి పచ్చిగానే తింటారు. తరిగాక ఆలస్యం చేస్తే ఆకు నల్లబడుతుంది కాబట్టి భోజనానికి కూర్చునే ముందు కలపడమే మంచిది.

జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ప్రచారానికి గట్టి రుజువులు లేవు. ఆకుకూరగానే తినండి. గర్భిణులు, కాలేయ జబ్బులున్నవారు, నిద్రమాత్రలు వాడేవారు ముందు వైద్యుణ్ని అడగాలి.