ఘాటీ దిగుతుంటే సైలెన్సర్లో టపటపలు

ఒడిశాలోని సిమిలిగుడ నుంచి పొట్టంగి, సుంకి దాటాక 26వ నంబరు జాతీయ రహదారి సాలూరు వైపు వంపులు తిరుగుతూ దిగుతుంది. రేస్ పూర్తిగా వదిలేసి మూడో గేర్లో దిగుతుంటే నా పాత కార్బ్యురేటర్ బండి సైలెన్సర్లో ఒకటే పేలుళ్లు. టప్... టపటప... టప్. ఎక్కేటప్పుడు మాత్రం ఏ గొడవా లేదు. మొదటిసారి వెనక కూర్చున్న మా అత్త టైరు పేలిందనుకుని నా భుజం గట్టిగా పట్టేసుకుంది.

ఒక మెకానిక్ మూడుసార్లు కార్బ్యురేటర్ స్క్రూ తిప్పి పంపించాడు. నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. చివరికి తేలింది ఏమిటంటే, ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తీసుకెళ్లే బెండ్ పైపు ఇంజన్ హెడ్‌కు కలిసే చోట ఉండే గాస్కెట్ రింగు ఒక పక్క కాలిపోయింది. యాభై రూపాయలు కూడా లేని ముక్క. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: స్క్రూ జోలికి ఆఖర్న వెళ్లండి.

అసలు ఎందుకు పేలుతుంది? రేస్ మూసేసినా బండి బరువు ఇంజన్‌ను తిప్పుతూనే ఉంటుంది. లోపలికి వెళ్లే గాలీ పెట్రోలూ బాగా తగ్గిపోతాయి, ఆ కాస్త మిశ్రమం ఒక్కోసారి ప్లగ్ నిప్పుకు అంటుకోదు. కాలని పెట్రోలు ఆవిరి అలాగే వేడి సైలెన్సర్లోకి వెళ్తుంది. అక్కడ దానికి కొత్త గాలి తగిలితే టప్‌మంటుంది. వేడిని మనం ఏమీ చేయలేం. కాబట్టి వెతకాల్సినవి రెండే: గాలి ఎక్కడ దూరుతోంది, పెట్రోలు ఎందుకు కాలడం లేదు. గాలి సంగతి చూడటం తేలిక, అందుకే ముందు అది.

దానికంటే ముందు ఒక ప్రశ్న. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని తాళం ఆఫ్ చేస్తున్నారా? మా వైపు ఈ అలవాటు చాలామందికి ఉంది. కార్బ్యురేటర్ బండి గేర్లో ఉండగా తాళం తీస్తే ఇంజన్ తిరుగుతూ పెట్రోలును పచ్చిగా సైలెన్సర్లోకి తోస్తూనే ఉంటుంది. కింద మళ్లీ ఆన్ చేయగానే ఢామ్! సైలెన్సర్ అతుకులు ఊడిపోయేంత గట్టిగా కూడా పేలవచ్చు. ఇది రోగం కాదు, అలవాటు. మానేస్తే పోతుంది.

హెడ్ దగ్గర చిట్‌చిట్ చప్పుడు, జాయింట్ చుట్టూ నల్లటి మసి ఉంటే

గాస్కెట్ లీకు. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బెండ్ పైపు జాయింట్ మీద సబ్బు నీళ్లు రాసి స్టార్ట్ చేయండి. పక్కవాళ్లను ఒక తడి గుడ్డతో సైలెన్సర్ చివర రెండు సెకన్లు నొక్కమనండి. లీకు ఉన్న చోట బుడగలు లేస్తాయి. నా బండికి కింది వైపు, కంటికి కనబడని చోట లేచాయి. అద్దం ముక్క పట్టుకుని చూస్తేగాని తెలియలేదు.

అక్కడ పొగ బయటికి వస్తుంటే గాలి లోపలికి ఎలా పోతుందని అనుమానం రావచ్చు. పొగ ఒక్కో దెబ్బగా వస్తుంది, రెండు దెబ్బల మధ్య పైపులో ఒత్తిడి తగ్గుతుంది. ఆ క్షణంలో బయటి గాలిని లాక్కుంటుంది.

రింగు కొత్తది వేయాలి, పాతదాన్ని తిప్పి వేస్తే నిలవదు. నట్లు తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. బలవంతంగా తిప్పి స్టడ్ విరిగితే యాభై రూపాయల పని వేలల్లోకి పోతుంది. బిగించేటప్పుడు ఒక నట్టు కొంచెం, రెండోది కొంచెం, అలా మార్చి మార్చి. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూసుకోవాలి. పనిలో పనిగా బెండ్ పైపు సైలెన్సర్‌తో కలిసే క్లాంపు కూడా చూడండి.

జాయింట్ బాగానే ఉందా?

చాలా బళ్లలో పొగలో మిగిలిన పెట్రోలును కాల్చడానికి కావాలనే కొంత గాలిని హెడ్ దగ్గరికి పంపే ఏర్పాటు ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ నుంచి హెడ్ వైపు ఒక రబ్బరు పైపు, మధ్యలో చిన్న డబ్బాలాంటి వాల్వు. రేస్ మూయగానే ఆ వాల్వు గాలిని ఆపేయాలి. దానికి వెళ్లే సన్న వాక్యూమ్ గొట్టం ఊడినా, లోపలి పొర చిరిగినా ఆపదు. పరీక్ష కోసం పెద్ద పైపును క్లిప్పుతో నొక్కి ఒక్కసారి దిగి చూడండి. టపటపలు పోతే దొంగ దొరికినట్టే. వాల్వు మార్చండి. పైపును శాశ్వతంగా మూసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. అది పొగ తగ్గించడానికి పెట్టినది.

రేస్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే ఐడిలింగ్‌కు (రేస్ లేకుండా తిరిగే వేగానికి) దిగకపోతే

అది పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన గుర్తు. రోడ్డు ఖాళీగా ఉన్న చోట చోక్ కొంచెం లాగి దిగండి. పేలుళ్లు తగ్గితే అనుమానం నిజమే. ప్లగ్ తీస్తే తెల్లగా సున్నం రాసినట్టు ఉంటుంది. ఇటుక రంగులో ఉంటే మంచిది. నల్లగా మసి పట్టి ఉంటే వ్యవహారం తిరగబడింది, పెట్రోలు ఎక్కువై కాలక పేలుతోంది. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి.

పెట్రోలు తక్కువైతే ముందు కార్బ్యురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు చూడండి. వంచితే సన్న పగుళ్లు కనబడతాయి. ఐడిలింగ్‌లో దాని మీద కాసిని నీళ్లు చిలకరిస్తే ఇంజన్ చప్పుడు మారుతుంది. క్లీనర్ స్ప్రేతో ఈ పరీక్ష చేయొద్దు, వేడి ఇంజన్ మీద అంటుకుంటుంది.

తర్వాత కార్బ్యురేటర్ కప్పు కింది స్క్రూ వదులు చేసి, వచ్చేదాన్ని ఖాళీ నీళ్ల సీసాలో పట్టండి. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే అడుగున వేరే పొర కనబడితే నీళ్లు చేరాయన్నమాట. వానాకాలంలో మా కొండల మీద ఇది మామూలే. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు నీటిని తేలిగ్గా పీల్చుకుంటుంది. పైగా ఇథనాల్లో ఆక్సిజన్ ఉండటంతో పాత సెట్టింగ్‌కు మిశ్రమం ఇంకొంచెం పలచబడుతుంది. స్లో జెట్‌ను (ఐడిలింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రపు ముక్కను) సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్, గాలి చాలు.

ఇప్పుడు గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే స్క్రూ. ఇంజన్ వేడెక్కాక చేయాలి. ముందు మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి, అన్నే చుట్లు వెనక్కి తిప్పి పాత చోటికి తెచ్చాకే మార్చడం మొదలుపెట్టండి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే బయటికి తిప్పాలి. ఒకేసారి పావు చుట్టుకు మించొద్దు.

ట్యూనింగ్ ఎక్కడ చేయించారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. సిమిలిగుడ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి సాలూరు గాలికంటే 7, 8 శాతం పలచన. పైన సరిగ్గా కుదిరిన మిశ్రమం కిందికి వచ్చేసరికి గాలి ఎక్కువై బలహీనపడుతుంది. సగం ఘాటీ దాటాకే టపటపలు మొదలైతే కారణం ఇదే కావచ్చు. లారీల ఊరు సాలూరులో ఒక మేస్త్రి నన్ను చూడగానే "ఏటి బాబూ, పైనే ట్యూనింగ్ చేయించావా?" అన్నాడు. నేనిప్పుడు కిందే చేయిస్తున్నాను. పైన ఐడిలింగ్ కాస్త బరువుగా ఉన్నా పర్వాలేదు.

ఇవేవీ కాకపోతే ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్న సందు. ఎగ్జాస్ట్ వాల్వు బిగుతుగా ఉంటే పూర్తిగా మూసుకోదు. కొలత బండి పుస్తకంలో ఉంటుంది, చల్లటి ఇంజన్ మీదే చూడాలి. చప్పుడు సైలెన్సర్లో కాక కార్బ్యురేటర్ వైపు నుంచి వస్తున్నా నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) బళ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ ఇంజెక్షన్వే. వాటిలో రేస్ మూస్తే కంప్యూటరే పెట్రోలు ఆపేస్తుంది, తిరిగి ఇచ్చేటప్పుడు ఒకటీ అరా టప్‌మంటే పట్టించుకోనక్కర్లేదు. అదే పనిగా పేలుతుంటే ఆక్సిజన్ సెన్సర్ దగ్గర్లో లీకు వెతకండి. దొంగగాలి చూసి సెన్సర్ పెట్రోలు తక్కువైందని చెబుతుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది. సైలెన్సర్ మార్చిన బండైతే పాతది అటక మీదే ఉంటుంది కదా, దాన్ని బిగించి ఒకసారి ఘాటీ దిగి చూడండి.