ఒక ఫోనోకి ఒకే ప్లేయరు: దసరాకి అటక మీది సామాన్లు దించే ముందు

పోయిన ఆదివారం పొద్దున్నే పర్లాకిమిడి నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, కుడి బాక్సులో పై స్పీకరు పలకడం లేదు. ఏదో కాలిన వాసన కూడా వచ్చింది" అన్నాడు. బరంపురంలో బస్సెక్కి వెళ్లి చూస్తే నేను భయపడ్డదే జరిగింది.

ఆ బాక్సులకి సౌండు పంపే ఆంప్లిఫయరు మా బావది. ఓడ మీద పనిచేసిన రోజుల్లో, 1970ల చివర్లో, సింగపూర్‌లో కొని మోసుకొచ్చాడు. దాని వెనకాల, రికార్డు ప్లేయరు వైర్లు గుచ్చడానికి, ఫోనో అని రాసిన సాకెట్లు ఒక్క జతే ఉన్నాయి. మనవాడు ఏం చేశాడంటే, ఆ ఒక్క జతలోకి, ఒక తలకి రెండు తోకలుండే వై పిన్నులు గుచ్చి, ఒక తోకకి వాళ్ల నాన్న పాత బెల్టు ప్లేయరు, రెండో తోకకి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కొత్త ప్లేయరు తగిలించాడు. పాతదాని మీద ప్లేటు పెడితే పాట వినపడీ వినపడనట్టు ఉంది. వాల్యూం ముప్పావు వంతు తిప్పాడు, అయినా చాల్లేదు. సరే కొత్తదాంట్లో చూద్దామని, తిప్పిన వాల్యూం తిప్పినట్టే వదిలేసి, దాని ముల్లు దించాడు. అంతే. పక్కింటివాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారట.

దసరా దగ్గర పడుతోంది. బరంపురం నుంచి గుణుపురం, రాయగడ దాకా మన ఇళ్లల్లో అటకల మీది సామాన్లు దిగేది ఇప్పుడే. తాతగారి 78 ప్లేట్ల (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) ప్లేయరు, నాన్నగారి ఎల్పీ (33 చుట్లవి) ప్లేయరు, పిల్లలు కొన్న కొత్తది, మూడూ ఒకే ఆంప్లి ముందుకి చేరతాయి. తడిచేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దు లాంటివి నేను రాయను, అవి మీకు తెలుసు. తెలిసినవాళ్లు కూడా చేసే తప్పు ఒకటుంది, దాని గురించే రాస్తాను. ఇప్పటికి దీనివల్ల పాడైన బాక్సులు అయిదు జతలు నా చేతి మీదుగా వెళ్లాయి.

ఒక ఫోనోకి ఒకే ప్లేయరు. వై పిన్నుతో రెండు కలపొద్దు.

ఎందుకు కలపకూడదు

మామూలు మాగ్నెట్ కార్ట్రిడ్జి (ముల్లు బిగించి ఉండే ముక్క) నుంచి వచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అంత చిన్నది కాబట్టే ఆంప్లిలో ఫోనో సాకెట్ వెనక ప్రత్యేకంగా ఒక సర్క్యూట్ పెట్టారు. అది సుమారు 100 రెట్లు పెంచుతుంది, బాస్‌ని ఇంకా ఎక్కువే పెంచుతుంది. ఇప్పుడొచ్చే కొత్త ప్లేయర్లలో చాలావాటికి ఈ పెంచే పని చేసే ప్రీఆంప్ లోపలే ఉంటుంది. అంటే వైరులోంచి బయటికొచ్చేదే 150 మిల్లీవోల్టులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దాన్ని తెచ్చి ఫోనోలో గుచ్చితే, పెంచినదాన్ని మళ్లీ 100 రెట్లు పెంచమన్నట్టు. 150 మిల్లీవోల్టులు 15 వోల్టులు అవ్వాలి. పాత ఆంప్లిల్లో చాలావాటి ఫోనో సర్క్యూట్ అంత ఇవ్వలేదు. అలల తలలు నరికేసి పంపుతుంది. అలా నరికిన సౌండు బాక్సులోకి వెళ్తే ముందు కాలేది పై స్పీకరు, అంటే ట్వీటరే. మా బావ బాక్సులో కాలింది అదే. విప్పి చూస్తే లోపల వెంట్రుకంత సన్నటి తీగ నల్లబడి తెగిపోయి ఉంది.

మరి పాత ప్లేయరు గొంతు ఎందుకు పడిపోయింది? కొత్తదాని ప్రీఆంప్, పాటేమీ రాకపోయినా, ఆ వై పిన్నులో కూర్చుని పాతదాని కాస్త సిగ్నల్‌నీ తనలోకి లాగేసుకుంటుంది. మనకి అది తెలియదు. పాత ముల్లు అరిగిపోయిందనుకుని వాల్యూం పెంచుతాం. అసలు ప్రమాదం ఆ పెంచిన వాల్యూం.

"మా రెండు ప్లేయర్లూ పాతవే, ప్రీఆంప్ లేదు" అనేవాళ్లున్నారు. అప్పుడూ వద్దు. ఒకదాని కాయిలు రెండోదానికి బరువవుతుంది, సౌండు దాదాపు సగానికి పడిపోతుంది, మళ్లీ మీరు వాల్యూం పెంచుతారు. తర్వాత ఒకదాన్ని ఆంప్లి ఆన్‌లో ఉండగానే పీకుతారు. పిన్ను పీకేటప్పుడు ముందు బయటి రింగు ఊడుతుంది, మధ్య పుల్ల ఇంకా లోపలే ఉంటుంది. ఆ క్షణంలో ఇంట్లో కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ రొద మొత్తం 100 రెట్లు పెరిగి బాక్సుల్లో పడుతుంది. బాస్ పలికే పెద్ద స్పీకరు, ఊఫర్, దాని కోను ముందుకి తన్నుకొస్తుంది. దారి వేరు గానీ చేరేది అక్కడికే.

ఇంకోమాట. వై పిన్ను చెడ్డ వస్తువేమీ కాదు. ఒకచోటి నుంచి వచ్చే సౌండుని రెండు ఆంప్లిలకి పంచడానికి బాగా పనికొస్తుంది. రెండింటిని తెచ్చి ఒకదాంట్లో పోయడానికి మాత్రం వాడకూడదు.

మరి రెండు ప్లేయర్లు ఎలా పెట్టుకోవాలి

ముందు ఆంప్లిని తిప్పి వెనక చూడండి. 1970ల జపాను ఆంప్లిల్లో పెద్ద మోడళ్లకి చాలావరకు ఫోనో 1, ఫోనో 2 అని రెండు జతలుంటాయి. ఉంటే మీకు గొడవే లేదు, ముందువైపు నాబ్ తిప్పుకుంటే చాలు.

ఒక్కటే ఉంటే, లోపల ప్రీఆంప్ ఉన్న ప్లేయరుని ఆక్స్ (AUX) అని రాసిన మామూలు సాకెట్లో పెట్టండి. దాని వెనక ఫోనో, లైన్ అని చిన్న స్విచ్ ఉంటే, అది లైన్ వైపు ఉండాలి. ఆక్స్ ఖాళీ లేకపోతే టేప్ ఇన్ అయినా పనిచేస్తుంది. రెండూ ప్రీఆంప్ లేని పాతవే అయితే, రెండోదానికి విడిగా ఫోనో ప్రీఆంప్ డబ్బా కొని, దాన్నుంచి ఆక్స్‌కి ఇవ్వండి. ఆక్స్‌కే, ఫోనోకి కాదు.

సెలెక్టర్ బాక్సు పెట్టేవాళ్లూ ఉన్నారు. పరవాలేదు, ఎందుకంటే అందులో ఒకసారి ఒకటే కలుస్తుంది. కాకపోతే ఇనప డబ్బాది తీసుకోండి, ప్లాస్టిక్‌ది రొద పట్టేస్తుంది. వైర్లు పొట్టిగా ఉంచండి. మామూలు వైరు మీటరుకి 100 పికోఫారాడ్ల దాకా కెపాసిటెన్స్ కలుపుతుంది. చాలా మాగ్నెట్ కార్ట్రిడ్జిలకి మొత్తం కలిపి 100 నుంచి 300 లోపు ఉంటేనే సరిపోతుంది. గది ఆ మూల నుంచి ఈ మూలకి వైరు లాగితే ట్రెబుల్ మారిపోతుంది.

ఇక తాతగారి పెట్టె ప్లేయరు. ముల్లు పక్కన చిన్న మీట ఉండి, ఇటు తిప్పితే 78, అటు తిప్పితే ఎల్పీ అని ఉందా? అది చాలావరకు సెరామిక్ కార్ట్రిడ్జి. వందల మిల్లీవోల్టులు ఇస్తుంది. ఫోనోలో పెట్టనే పెట్టకండి, ఆక్స్‌లో పెట్టండి. బాస్ కాస్త పల్చగా వస్తుంది, ఓర్చుకోండి. దాన్ని పారేయకండి కూడా. 78 ప్లేటుకి దాదాపు 75 మైక్రాన్ల లావు ముల్లు కావాలి, ఎల్పీ ముల్లు 18 మైక్రాన్లే. ఎల్పీ ముల్లుని 78 మీద పెడితే గాడి అడుగున దొర్లుతూ గరగరమంటుంది. రెండు ప్లేయర్లు ఉంచుకోవాల్సిన అవసరం నిజంగా వచ్చేది ఇందుకే.

ఎర్తు వైరు

ప్లేయరు వెనక నుంచి చివర ఫోర్కులాంటిది ఉన్న సన్నటి వైరు ఒకటి వస్తుంది. ఎన్ని ప్లేయర్లున్నా, వాటికి ఆ వైరుంటే, అన్నిటి వైర్లూ ఆంప్లి మీద జీఎన్‌డీ అని ఉన్న ఆ ఒక్క స్క్రూ కిందకే రావాలి. రాయగడలో ఒకాయన గుయ్‌మంటోందని ఆ వైరుని గోడ సాకెట్‌లో ఎర్తు కన్నంలో దూర్చాడు. రొద రెట్టింపయింది. చెయ్యి జారి పక్క కన్నంలో పడి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. రొద వస్తోందని ఆంప్లి ప్లగ్గుకి మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లని కూడా చూశాను. వద్దు.

మన నెలలు, మన కరెంటు

అక్టోబరు అంటే మనకి దసరా ఒక్కటే కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. గాలివానలో పోయిన సామాను కంటే తర్వాత కరెంటు వచ్చినప్పుడు పోయిన సామాను తక్కువేమీ కాదు. న్యూట్రల్ వైరు తెగితే 230 వోల్టులు రావాల్సిన చోట 300 దాటి వస్తుంది. 40, 50 ఏళ్ల కెపాసిటర్లు దానికి ఆగవు. తుపాను కబురు వినగానే ప్లగ్గులు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. కరెంటు వచ్చాక ముందు పాతరకం తీగ బల్బు వెయ్యండి. పది నిమిషాలు వెలుగు నిలకడగా ఉంటేనే ఆంప్లి సంగతి.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరసలో.

ఏళ్ల తర్వాత దించిన ఆంప్లిని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. మెకానిక్ దగ్గర సీరీస్ బోర్డు ఉంటుంది, 100 వాట్ల తీగ బల్బు మీదుగా మొదటిసారి వెయ్యమనండి. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే సరే. అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉంది, ఆపేయండి.

వెనక 100 వోల్టులు అని ఉంటే అది జపానులో వాడకానికి చేసింది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టొద్దు.

పాత ఏసీ మోటారు ప్లేయరు 60 హెర్ట్జ్‌దైతే మన 50 హెర్ట్జ్ మీద 33 తిరగాల్సిన ప్లేటు 28 దగ్గర తిరుగుతుంది. పాట ఏడ్చినట్టుంటే బెల్టుని తిట్టకండి, పుల్లీ మార్చాలి.

ఫ్యూజు కాలితే అదే నంబరు ఫ్యూజు వెయ్యండి. రాగి తీగ చుట్టొద్దు. సిగరెట్ పెట్టె కాగితం అసలే వద్దు.

ఆంప్లి మీద ప్లేయరు పెట్టకండి. బాక్సు మీద అస్సలు పెట్టకండి.

8 ఓముల బాక్సులు రెండు జతలు ఒకేసారి వేస్తే ఆంప్లికి కనిపించేది 4 ఓములే. వెనక కనీసం ఎంత అని రాసి ఉందో చదివి వెయ్యండి.

గోపాలపురం వైపు వాళ్లు పిన్నులకి పట్టిన పచ్చ చిలుము తుడవండి. ఉప్పుగాలి ఏ సాకెట్‌నీ వదలదు.

పిన్ను పెట్టే ముందు, తీసే ముందు ఆంప్లి ఆఫ్. సెలెక్టర్ తిప్పే ముందు వాల్యూం సున్నా. ప్రతిసారీ.

సౌండు తక్కువగా వస్తే వాల్యూం పెంచకండి. వెనక్కి వెళ్లి ఏ పిన్ను ఎక్కడుందో చూడండి.

ఒక ఫోనోకి ఒకే ప్లేయరు.

చుట్టాలొచ్చి "నేను కలిపేస్తానుండు" అంటే ఆగమనండి.

వై పిన్ను ఇంట్లో ఉంటే ఆంప్లి దగ్గర ఉంచకండి, టీవీ సొరుగులో పడేయండి. మా మేనల్లుడిది నేనే జేబులో వేసుకొచ్చేశాను.