జంతు భాషలకు మాటల తయారీ, 4వ పాఠం: అర్థం గడిలో ఏం రాస్తున్నారు?

కథల్లోని జంతువులకు సొంత భాషలు కల్పించే ఈ పాఠాల్లో, ఈసారి వాక్యాలు మొదలుపెట్టాలి. మీరు పంపిన జాబితాలు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. 3వ పాఠంలో ధ్వనులు ఏరుకోమంటే చాలామంది బాగానే ఏరుకున్నారు. ఆ ధ్వనులతో చేసిన మాటలే గడబిడగా ఉన్నాయి. ముందు చిలుక గొడవ తేల్చేసి అక్కడికి వెళ్దాం.

పక్షి భాష చేసేవాళ్లని ప, ఫ, బ, భ, మ కొట్టేయమన్నాను. పెదవులే లేనప్పుడు పెదవులు కలిపి పలికే ఓష్ఠ్యాలు ఎక్కడివి? దానికి వచ్చిన ప్రశ్న ఒక్కటే: “మరి పెంపుడు చిలుక ‘పాపా’ అంటుంది కదండీ?” అవును, అంటుంది. పక్షి స్వరం శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉండే సిరింక్స్‌లో పుడుతుంది. చిలుక దాన్ని నాలుకతో, గొంతుతో మలిచి మన ‘ప’కి దగ్గరగా ఏదో పలుకుతుంది. మిగతాది మన చెవి సర్దుకుంటుంది. శాస్త్రవేత్త ఐరీన్ పెపర్‌బర్గ్ దగ్గర పెరిగిన అలెక్స్ అనే బూడిదరంగు చిలుక ఆపిల్‌ని ‘బనెరీ’ అనేది. బనానా, చెర్రీ అనే మాటలు దానికి అప్పటికే వచ్చు.

అయినా రూల్ మార్చను, చిన్న సవరణ చేస్తాను. ప-వర్గాన్ని అరువు మాటలకే ఉంచండి. ‘కాఫీ’, ‘ఫ్యాన్’లలో మనం పలికే ఫ అచ్చ తెలుగు మాటల్లో లేదు, బయటి మాటలతోపాటే వచ్చింది. అలాగే మీ చిలుక భాషలో మనుషులకు సంబంధించిన వాటికి, అంటే పంజరం, గొళ్లెం, తాళంచెవి లాంటి వాటికి మాత్రమే ప, బ, మ వాడండి. అప్పుడు కథలో ఏ అడవి చిలుక నోటైనా ‘బ’ వినిపించిందంటే, అది ఒకప్పుడు పంజరంలో ఉన్నదేనని మీరు వేరే చెప్పక్కర్లేదు.

ఏనుగు వాళ్లకి ఒక మాట. ఏనుగులు మన చెవికి అందనంత తక్కువ స్థాయి శబ్దాలతో కూడా మాట్లాడుకుంటాయి, ఆ శబ్దాలు కిలోమీటర్ల దూరం పోతాయి. వాటిని చూపించడానికి కొందరు అక్షరాల మధ్య చుక్కలు, గీతలు, నక్షత్రాలు పెట్టారు. నాకు ఒళ్లు మండే పని అది. మనం వాడకుండా పక్కన పడేసిన అక్షరాలు ఉన్నాయి: ఌ, ౘ, ౙ, బండి ఱ. ఒకటి తీసుకోండి. ‘ఇది మన చెవికి వినిపించదు, ఏనుగు చెవికీ పాదాలకీ తెలుస్తుంది’ అని మొదటి పేజీలో ఒక్కసారి రాసుకోండి. పని అయిపోయింది.

ఇక అసలు జబ్బు.

మీ పట్టికల్లో ఎడమ గడిలో జంతువు మాట, కుడి గడిలో అర్థం ఉన్నాయి. కుడి గడి చూడండి: అమ్మ, ఇల్లు, నీళ్లు, ఎరుపు, తీపి, నిన్న, రేపు. అందరిదీ దాదాపు ఇదే వరస. కుక్క భాషలో ‘ఎరుపు’కి ఒక మాట, ‘ఆకుపచ్చ’కి ఇంకో మాట ఉన్నాయి. కుక్క కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే, మనకి మూడు. నీలం, పసుపు దానికి తేలిగ్గా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల దగ్గర తికమక. మరి ఆ రెండు మాటలు ఏ కుక్కకి కావాలి? పిల్లి భాషలో ‘తీపి’ ఉంది. తీపిని పట్టే గ్రాహకం తయారు కావడానికి కావాల్సిన జన్యువుల్లో ఒకటి పిల్లుల్లో పనిచేయదు. తేనెటీగ భాషలో ‘ఎరుపు’ ఉంది, అతినీలలోహితం లేదు. ఆ కంటికి కనిపించేది రెండోది.

ఇవి చిన్న తప్పులే, కొట్టేస్తే పోతాయి. వీటి వెనకున్న అలవాటే నన్ను విసిగించేది. తెలుగు నిఘంటువు పక్కన పెట్టుకుని ప్రతి మాటకీ ఒక కొత్త శబ్దం తగిలిస్తే తయారయ్యేది భాష అనిపించుకోదు, రహస్య లిపి అవుతుంది. తాళంచెవి దొరికితే మొత్తం తిరిగి తెలుగైపోతుంది. ఒకరి నక్క ‘నాకు ఆకలిగా ఉంది’ అంటుంది. మూడు మాటలు, అదే వరసలో, ‘ఆకలి’ చివరి ‘గా’కి కూడా ఒక ప్రత్యయం! నక్కకి మన ‘కు’ విభక్తి ఎవరు నేర్పారు?

ఆఫ్రికాలో ఉండే వర్వెట్ కోతుల సంగతి చూడండి. రాబర్ట్ సెఫార్త్, డొరొతీ చెనీ, పీటర్ మార్లర్ 1980లో ప్రచురించిన పరిశోధన ఇది. చిరుతపులి కనిపిస్తే ఆ కోతులు ఒక రకంగా అరుస్తాయి, గద్దకి ఇంకో రకంగా, పాముకి మరో రకంగా. ఆ అరుపుల్ని రికార్డు చేసి, చుట్టుపక్కల ఏ జంతువూ లేనప్పుడు వినిపించారు. చిరుత అరుపు విన్న కోతులు నేలమీద ఉంటే చెట్టెక్కాయి. గద్ద అరుపు వింటే పైకి చూశాయి, పొదల్లోకి దూరాయి. పాము అరుపు వింటే చుట్టూ నేలకేసి వెతికాయి.

ఇప్పుడు మీ పట్టికలో రెండో అరుపుకి కుడి గడిలో ఏం రాస్తారు? ‘గద్ద’ అంటారా, ‘పైకి చూడండి’ అంటారా, ‘పొదలోకి!’ అంటారా? నామవాచకమో క్రియో తేల్చమంటే తేలదు. మూడూ ఒకే అరుపులో కలిసే ఉన్నాయి. మన వ్యాకరణం పెట్టిన అరలు ఆ కోతికి లేవు. ‘గద్ద’ అని ఒక్క మాట రాసేశారంటే, ఆ అరుపులో ముప్పావు భాగం పారేసినట్టే.

అందుకే నేను కుడి గడి పేరు మార్చేశాను. ‘అర్థం’ అని రాయను, ‘విన్నది ఏం చేస్తుంది?’ అని రాస్తాను. ఆ గడిలో ఒక్క మాట సరిపోయిందంటే అనుమానపడతాను. నా దొడ్డిదారి ఇదే. ధ్వనుల సంగతి చివర్లో చూసుకుంటాను, నిజానికి దానికి నేను పెద్దగా టైమ్ పెట్టను.

కుక్క భాష ఒకటి కాస్త దూరం నడిపిద్దాం, నాకు బాగా నచ్చిన జంతువు కాబట్టి. కుక్కకి వాసనే కాలెండర్. ఎవరు వెళ్లారు, ఎటు వెళ్లారు, ఎంతసేపైంది అన్నీ దాంట్లోనే ఉంటాయి. కనుక ‘మనిషి’ అని ఉత్త మాట ఒకటి ఉండదు, ఎంత పాత మనిషో చెప్పకుండా మాట పూర్తి కాదు. ‘హుర’ అనేది ధాతువు అనుకుందాం: ఒకరు వదిలి వెళ్లిన వాసన.

‘హురవ’ అంటే వాసన ఇంకా తాజాగా ఉంది. విన్న కుక్క తలెత్తి పరిగెడుతుంది.

‘హురగు’ అంటే పూట గడిచిన వాసన. విన్నది ముక్కు నేలకి పెట్టి నింపాదిగా వెతుకుతుంది.

‘హురోయ్’ అంటే వానకి తడిసి, ఎండకి ఎండి, ఉందా లేదా అన్నట్టున్న వాసన. విన్నది ఓసారి ఆగి, దానిమీద తన గుర్తు పెట్టి వెళ్లిపోతుంది.

చూశారా, భూతకాలం క్రియకి పెట్టలేదు, వచ్చి నామవాచకానికి అంటుకుంది. ఇప్పుడు మనకి ‘చకచక’, ‘గబగబ’ ఉన్నట్టే దీన్నీ జంట చేయండి. ‘హురహురవ’: ఒక్కో ఊపిరికీ ముదురుతున్న వాసన, అంటే ఎవరో ఇటే వస్తున్నారు. ‘వచ్చు’ అనే క్రియ అవసరం తీరిపోయింది. ‘పోవు’ సంగతి? ‘హురవహుర’ అని తిరగేయొచ్చు. నాకైతే అది మరీ తెలివి ఎక్కువైనట్టు అనిపిస్తుంది, మీ ఇష్టం. ‘నిన్న’కి వేరే మాట అక్కర్లేదు, ‘హురగు’లోనే ఉంది. ‘రేపు’? రేపటికి వాసన లేదు. ఈ కుక్కకి రేపు అనే మాట లేదు, దానికోసం వెతక్కండి. రేపు గురించి మాట్లాడాల్సిన కుక్క మీ కథలో ఉంటే, ఆ ఇబ్బందిలోంచే కథ నడపండి.

చూపు లేకపోతే ఎలా అని గబ్బిలం వాళ్లు అడిగారు. గబ్బిలాలకి కళ్లు కనిపిస్తాయి. అయినా చీకట్లో చాలా గబ్బిలాలు ప్రతిధ్వనిని నమ్ముకుంటాయి కనుక ‘నున్నన’, ‘గరుకు’, ‘రెక్కలాడేది’ అనే తేడాలతో మొదలుపెట్టండి. తేనెటీగ వాళ్లు ఈ పాఠం వదిలేయొచ్చు, ఆ ఈగలు పూల జాడ చెప్పుకునేది తుట్టె మీద నాట్యంతో. నిలువు గీతకి తేనెటీగ ఎంత కోణంలో నాట్యం చేస్తే, సూర్యుడికి అంత కోణంలో పూలు ఉంటాయి. నాట్యం ఎంతసేపు సాగితే అంత దూరం. దాన్ని విప్పి చెప్పినందుకే శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్‌లో వాటా వచ్చింది. అక్కడ ‘మాట’ అంటే ఏమిటో ముందు తేల్చాలి, అది 7వ పాఠం.

అక్షరాలు కూర్చడం గురించి చెప్పను, అది మీకు వచ్చు.

అభ్యాసం. పాత పట్టిక చించేయండి. మీ జంతువుని, కుదిరితే నిజంగా, లేకపోతే వీడియోలో, ఒక గంట చూడండి. ఏం అరిచిందో రాయొద్దు. అది అరిచాక పక్కనున్నది ఏం చేసిందో మాత్రమే రాయండి. దాన్నుంచి తొమ్మిది మాటలు చేయండి. కుడి గడిలో ప్రతిదానికీ పూర్తి వాక్యం ఉండాలి. కనీసం నాలుగింటికి తెలుగులో ఒకే మాట దొరక్కూడదు. తర్వాత ఆ తొమ్మిది మాటలతోనే రెండు జంతువులు పోట్లాడుకునే పది వరసల సంభాషణ రాయండి, ఒకటి రెండోదాన్ని అపార్థం చేసుకోవాలి. అనువాదం పక్కన రాయకండి. మీ ఇంట్లో ఎవరికైనా పట్టిక ఇచ్చి చదివించండి. అపార్థం ఎక్కడ మొదలైందో వాళ్లు వేలు పెట్టి చూపించగలిగితే పంపించండి.

‘కాదు’, ‘లేదు’, ‘వద్దు’ ఈ మూడూ తొమ్మిదిలో పెట్టొద్దు. జంతువు కాదనడం ఎలాగో 5వ పాఠంలో చూద్దాం.