రొయ్య ఊపిరిని కొలవడం: మూత బిగించిన సీసా పద్ధతి

ముత్తుకూరు మత్స్యకళాశాలలోనో, కాకుటూరు విశ్వవిద్యాలయంలోనో సముద్రజీవుల శరీరధర్మాలపై ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థికి ఖరీదైన పరికరాలు లేవన్న దిగులు అక్కరలేదు. గంటకు ఒక రొయ్య ఎంత ప్రాణవాయువు వాడుకుంటుందో కొలవడానికి మూత బిగుతుగా పట్టే 2 లీటర్ల సీసా, సన్నని రబ్బరు గొట్టం, ద్రావణాన్ని చుక్కచుక్కగా కొలిచి దించే గీతల గొట్టం అయిన బ్యూరెట్ ఒకటి, కొన్ని రసాయనాలు చాలు. నీటిలో కరిగిన ప్రాణవాయువును రసాయనాలతో కొలవడానికి 1888లో వింక్లర్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ ఆక్సిజన్ మీటర్లను సరిచూడటానికి ఆధారం. అయితే ఈ పనిలో పొరపాట్లు రసాయనాల దగ్గర కన్నా రొయ్య దగ్గరే ఎక్కువగా జరుగుతాయి. బెదిరిన రొయ్యను సీసాలో పెడితే మనం కొలిచేది దాని సహజమైన శ్వాసను కాదు, దాని బెదురును. అందువల్ల ఇక్కడ కొలత కన్నా కొలతకు ముందు జరగవలసిన పని గురించే ఎక్కువగా చెబుతున్నాను.

రొయ్యను చెరువు నుంచి తెచ్చుకోవడమే సులభం. వనామి అనే రొయ్య రకం సాగుకు మన దేశంలో 2009లో అనుమతి వచ్చిన తరువాత నెల్లూరు, ప్రకాశం తీరాల్లో అది దొరకని ఊరు అరుదు. వేరే జీవులను ఎంచుకోవాలనుకునేవారు ముందుగా చట్టాన్ని చూసుకోవాలి. సముద్రదోసకాయలు, పగడాలు, సముద్రగుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవి కనుక వాటిని వల నుంచి తీసి బకెట్లో వేసుకోవడం కూడా నేరమే. పులికాట్ సరస్సు పక్షుల అభయారణ్యం కాబట్టి అక్కడ నమూనాలు సేకరించాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

రైతు దగ్గరకు వెళ్లినప్పుడు 80 కౌంట్ రొయ్యలు కావాలని అడగండి. కిలోకు 80 అంటే ఒక్కొక్కటి సుమారు 12.5 గ్రాములు, 2 లీటర్ల సీసాకు సరిపోయే పరిమాణం అది. పరిమాణం ఒకే తీరుగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే చిన్న రొయ్య గ్రాముకు ఎక్కువ ప్రాణవాయువును, పెద్ద రొయ్య గ్రాముకు తక్కువ ప్రాణవాయువును వాడుకుంటుంది. చిన్నా పెద్దా కలిపి సగటు తీస్తే ఆ సంఖ్య ఏ రొయ్యదీ కాకుండా పోతుంది. పట్టుబడి హడావుడిలో వల నుంచి వచ్చిన వాటికన్నా మేత తినడాన్ని గమనించేందుకు చెరువులో దించే చెక్ ట్రేలోకి తమంతట తాము వచ్చినవి మేలు. ఆక్సిజన్ నింపిన సంచుల్లో, చల్లని పొద్దున పూట తీసుకురావాలి.

తెచ్చిన తరువాత కనీసం వారం రోజులు తొట్టిలో ఉంచి నిమ్మళించనివ్వాలి. చెరువు నీటి ఉప్పదనం 15 పీపీటీ (వెయ్యి భాగాల్లో 15 భాగాల ఉప్పు) ఉండి, మీ ప్రయోగం 5 పీపీటీలో ఉంటే రోజుకు 2 లేదా 3 పీపీటీ చొప్పున తగ్గిస్తూ తీసుకురావాలే తప్ప ఒక్కసారిగా మార్చకూడదు. కుళాయి నీరు కలిపేటట్లయితే ఒక రోజంతా గాలి కొట్టి క్లోరిన్‌ను పోగొట్టాలి. కొలతకు ముందు 24 గంటలు మేత ఆపాలి. మేత అరిగే సమయంలో శ్వాస పెరుగుతుంది, పైగా సీసాలో విసర్జనలు కుళ్లితే వాటిలోని బాక్టీరియా కూడా మన లెక్కలోకి వచ్చేస్తుంది. పెంకును వేలితో మెల్లగా నొక్కి చూసి, రైతులు సాఫ్ట్ అనే మెత్తని రొయ్యలను పక్కన పెట్టండి. పెంకు విడిచే ముందూ తరువాతా వాటి శ్వాస మామూలుగా ఉండదు.

రొయ్య కుదుటపడిందో లేదో కంటితోనే తెలుసుకోవచ్చు. కుదుటపడిన వనామి తొట్టి అడుగున నిలబడి, పొట్ట కింది ఈత కాళ్లను అప్పుడప్పుడు మాత్రమే ఆడిస్తుంది. తల పక్కన పెంకు కింద మొప్పల మీదుగా నీటిని తోసే పలుచని పలక ఒకటి ఉంటుంది. పక్క నుంచి లైటు వేసి చూస్తే పెంకు గుండా అది రెపరెపలాడటం కనిపిస్తుంది. ఆ కదలిక ఒకే లయలో సాగుతుంటే పని మొదలుపెట్టవచ్చు. తోక విసిరి వెనక్కి దూకుతుంటే ఇంకో గంట ఆగండి.

సీసాను తొట్టి నీటిలో పూర్తిగా ముంచి, రొయ్యను చిన్న గరాటు ద్వారా లోపలికి పంపి, గాలి పైకి పోయేదాకా వదిలి, నీటి అడుగునే మూత బిగించాలి. శనగగింజంత బుడగ మిగిలినా అందులోని ప్రాణవాయువు నీటిలోకి దిగి కొలతను తగ్గిస్తుంది. మూత బిగించే ముందు అదే తొట్టి నుంచి మొదటి నమూనా తీసుకోండి. సీసాపై నల్లగుడ్డ కప్పి, నీడలో, ఒకే ఉష్ణోగ్రత నిలిచే నీటితొట్టిలో ఉంచండి. 10 డిగ్రీలు పెరిగితే శ్వాస సుమారు రెట్టింపు కావచ్చు, అందుచేత రోహిణి కార్తెలో ప్రయోగశాల గది వేడిని తేలికగా తీసుకోకూడదు. వనామి రాత్రిపూట చురుకుగా ఉంటుంది కాబట్టి అన్ని కొలతలూ రోజులో ఒకే వేళకు చేయాలి.

అదే నీరు నింపి, రొయ్యను మాత్రం వేయని ‘ఖాళీ’ సీసాను కూడా పక్కనే ఉంచాలి. ఈ ఒక్క పనిని తేలికగా తీసుకొని నేను ఒక వారం శ్రమ పోగొట్టుకున్నాను. పచ్చగా తిరిగిన చెరువు నీటిని వడకట్టకుండా వాడి, సీసాలను కిటికీ పక్కన పెట్టాను. గుడ్డ కప్పలేదు, ఖాళీ సీసా పెట్టలేదు. కొన్ని రొయ్యలు అసలు ఊపిరే తీసుకోనట్లు లెక్క తేలింది. తరువాత ఖాళీ సీసా పెట్టి చూస్తే అందులో ప్రాణవాయువు తగ్గకపోగా పెరిగింది. నీటిలోని నాచు ఎండకు దాన్ని తయారుచేస్తూ నా లెక్కను మింగేసింది.

గంట గడిచాక గొట్టంతో రొయ్య సీసాలోని నీటిని 125 మిల్లీలీటర్ల గాజుసీసా అడుగుకు పంపి, రెండు మూడు రెట్లు పొర్లిపోయేదాకా నింపాలి. మాంగనీస్ సల్ఫేట్, ఎజైడ్ కలిపిన క్షార అయొడైడ్ వేస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది. చెరువు నీటిలో నైట్రైట్ ఉంటుంది కనుక ఎజైడ్‌ను మానకండి, అది విషం కాబట్టి నోటితో పిపెట్ లాగకండి. ఆమ్లం పోసి మడ్డిని కరిగించి, 100 మిల్లీలీటర్లు తీసుకొని పిండిద్రావణం వేసి, దాని నీలిరంగు పోయేదాకా బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్‌ను చుక్కచుక్కగా దించుతూ టైట్రేషన్ చేయాలి. చాలామంది వాడే 0.025 నార్మల్ గాఢత ద్రావణానికి బదులు 0.0125 నార్మల్ వాడమని నా సలహా. అప్పుడు బ్యూరెట్లో దిగిన మిల్లీలీటర్లే నేరుగా లీటరుకు మిల్లీగ్రాములవుతాయి, చదవడంలో పొరపాటు కూడా సగానికి తగ్గుతుంది.

ఉదాహరణకు లీటరుకు మిల్లీగ్రాముల్లో మొదట 6.6, చివర 5.0, ఖాళీ సీసాలో తగ్గుదల 0.1 అనుకుందాం. నికర తగ్గుదల 1.5. సీసాలోని నీరు 2 లీటర్లలో రొయ్య ఆక్రమించిన చోటు పోగా 1.9875 లీటర్లు. గుణిస్తే 2.98 మిల్లీగ్రాములు, 12.5 గ్రాములతో భాగిస్తే గంటకు గ్రాముకు 0.24 మిల్లీగ్రాములు. చివరి కొలత 4 కన్నా కిందికి దిగితే సమయం తగ్గించి మళ్లీ చేయాలి, ఎందుకంటే ప్రాణవాయువు కరువైన నీటిలో రొయ్య తన శ్వాసనే మార్చుకుంటుంది. తెల్లవారుజామున చెరువులో రొయ్యలు తేలడం చూసిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఉప్పదనాన్ని మార్చి చూడటం ఈ జిల్లాలకు తగిన ప్రశ్న. ఈశాన్య రుతుపవనాల్లో ఒక్క వాయుగుండం చెరువు ఉప్పదనాన్ని రోజుల్లో దించేస్తుంది. వనామి రక్తంలోని లవణసాంద్రత సుమారు 25 పీపీటీ నీటితో సమానం. అంతకన్నా పలుచని నీటిలో మొప్పలు సోడియాన్ని లోపలికి లాగుతుండాలి. ఆ పని చేసే ఎంజైమును 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌ పీత కాలి నరాల్లోనే గుర్తించి, 1997లో నోబెల్ బహుమతి పొందారు. కె. పంపాపతిరావు 1958లో సముద్రపు నీటిలోనూ ఉప్పుటేటి నీటిలోనూ పెరిగిన మెటాపినియస్ మోనోసెరాస్ రొయ్యలు పరిమాణాన్నీ ఉప్పదనాన్నీ బట్టి ఎంత ప్రాణవాయువు వాడుకుంటాయో ప్రచురించారు. ఈ పనికి దిగేవారు ముందుగా చదవవలసిన వ్యాసం అది. కానీ పలుచని నీటిలో శ్వాస పెరిగితే అదంతా లవణాలను లాగే ఖర్చేనని వెంటనే రాసేయకండి. కొత్త నీటిలో రొయ్య ఎక్కువ ఈదినా అంకె అలాగే పెరుగుతుంది.

ఒక్కొక్క ఉప్పదనానికి కనీసం 8 రొయ్యలు, ఒక్కొక్కటి వేరే సీసాలో ఉండాలి. ఒకే రొయ్యను మూడుసార్లు కొలిచి మూడు రొయ్యలుగా చూపడం విద్యార్థుల థీసిస్‌లలో తరచు కనిపించే తప్పు. కొలత ముగిశాక రొయ్యను వడపోత కాగితంపై అద్ది తూచి, మరో 24 గంటలు విడిగా ఉంచి గమనించండి. ఆ రాత్రి అది పెంకు విడిచినా, చచ్చిపోయినా దాని కొలతను కొట్టివేసి, కారణాన్ని నోటుబుక్కులో ఆ వరుస పక్కనే రాయండి.