సీనియర్ ఫైలు పక్కనపెట్టి రెజ్యూమే రాయడం

ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో ఒకే రెజ్యూమే ఫైలు ఏళ్ల తరబడి చేతులు మారుతూ ఉంటుంది. ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్లిపోయిన సీనియర్ తయారుచేసిన ఆ ఫైలులో జూనియర్లు పేరు, ఫోన్ నంబరు, మార్కులు మార్చుకుని, తక్కినదంతా ఉన్నది ఉన్నట్టు పంపేస్తుంటారు. వరంగల్‌లో చదివిన ఒక అభ్యర్థి రెజ్యూమే అడుగున ‘స్థలం: కాకినాడ’ అని మిగిలిపోవడం నేను చూశాను. ఆ పొరపాటుకు నవ్వుకోవచ్చు గానీ, అసలు నష్టం పైన ఉన్న వాక్యాలది. ‘నా నైపుణ్యాలను వినియోగించుకుంటూ సంస్థ ఎదుగుదలకు తోడ్పడే సవాళ్లతో కూడిన ఉద్యోగం కోరుకుంటున్నాను’ అనే మాటను ఒకే ఉదయం ముప్పై సార్లు చదివిన మనిషికి ముప్పై ఒకటో అభ్యర్థి గుర్తుండే అవకాశం లేదు. కాబట్టి రాసిన ప్రతి వాక్యాన్నీ ఒక పరీక్షకు పెట్టండి: దాని కింద మీ స్నేహితుడి పేరు పెట్టినా చెల్లుబాటవుతుందా? చెల్లితే దాన్ని కొట్టేయండి, లేదా మీకు మాత్రమే సరిపోయేలా తిరిగి రాయండి.

ఇందుకు ముందుగా కావలసింది ముడిసరుకు. కంప్యూటరు తెరిచి అందమైన నమూనా వెతకడం కంటే, ఒక నోటుపుస్తకంలో మీరు చేసిన పనులన్నీ తోచిన క్రమంలో రాసుకోవడం మేలు. ఉదాహరణకు బి.కాం. పూర్తిచేసి, ఖమ్మంలో సిమెంటు, ఇనుము హోల్‌సేల్‌గా అమ్మే దుకాణంలో మూడేళ్లు లెక్కలు రాసి, ఇప్పుడు హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న యువకుణ్ని ఊహించుకుందాం. అతని రెజ్యూమేలో ‘అకౌంట్స్ చూసుకున్నాను, టాలీ, జీఎస్టీ తెలుసు’ అని ఒక్క ముక్క ఉంటుంది (టాలీ అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్). అతణ్ని కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. నెలకు ఎన్ని బిల్లులు నమోదు చేసేవాడు? నెలనెలా 11వ తేదీలోగా వెళ్లవలసిన జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20వ తేదీలోగా వెళ్లవలసిన 3బి (పన్ను లెక్కల సారాంశ రిటర్ను) తానే దాఖలు చేసేవాడా, ఆడిటరు చేసేవారా? కొనుగోలు బిల్లులను 2బితో, అంటే సరఫరాదారులు జీఎస్టీలో చూపిన బిల్లుల జాబితాతో, సరిపోల్చింది ఎవరు? యాభై వేల రూపాయలు దాటిన సరుకు లారీలో బయల్దేరేటప్పుడు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీసింది ఎవరు? దుకాణం పాత టాలీ ఈఆర్‌పీ 9 నుంచి టాలీ ప్రైమ్‌కు మారినప్పుడు బాకీల నిల్వలు సరిచూసింది ఎవరు?

ఈ జవాబుల నుంచి వచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి: ‘నెలకు సుమారు 400 అమ్మకపు బిల్లులు టాలీ ప్రైమ్‌లో నమోదు చేశాను. కొనుగోళ్లను ప్రతి నెలా జీఎస్టీఆర్-2బితో సరిపోల్చి, తేడాలు వచ్చిన సరఫరాదారులతో మాట్లాడి సరిచేయించాను. రిటర్నులకు కావలసిన వివరాలు సిద్ధంచేసి ఆడిటరుకు అందించాను.’ చివరి వాక్యంలో ‘దాఖలు చేశాను’ అనకుండా ‘ఆడిటరుకు అందించాను’ అనడం ముఖ్యం. తన పని ఎక్కడిదాకా వచ్చి ఆగిందో స్పష్టంగా చెప్పగలిగినవాడి మాట మీద ఇంటర్వ్యూ చేసేవారికి నమ్మకం కుదురుతుంది. అంకెలు ఉంటే రాయండి, లేకపోతే కల్పించకండి. యజమాని వ్యాపారం ఎన్ని కోట్లదో మాత్రం రాయకపోవడమే మర్యాద.

ఇప్పుడే చదువు ముగించినవారికి ఉద్యోగానుభవం ఉండదు గనుక ప్రాజెక్టే వారి అనుభవం. నలుగురు కలిసి హాజరు నమోదు చేసే అప్లికేషన్ తయారుచేశారని రాయడం వల్ల మీ గురించి ఏమీ తెలియదు. అందులో డేటాబేస్ మీరు రూపొందించారా, లాగిన్ భాగం రాశారా, పరీక్షించి తప్పులు పట్టారా అన్నది చెప్పాలి. అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కొచ్చిన ప్రాజెక్టు అయితే, దాన్ని సమర్థించుకోవడానికి పడే శ్రమలో సగంతో మీ వీధిలోని కిరాణా కొట్టుకు ఉధార్ ఖాతా రాసుకునే చిన్న ప్రోగ్రామైనా సొంతంగా రాసి, గిట్‌హబ్‌లో (ప్రోగ్రాములు అందరికీ కనబడేలా దాచుకునే వెబ్‌సైట్) పెట్టి, ఆ లింకు ఇవ్వవచ్చు. చిన్నదైనా దాని గురించి పది నిమిషాలు తడుముకోకుండా మాట్లాడగలరు. నైపుణ్యాల జాబితాకూ ఇదే కొలత. జావా, పైథాన్, సీ++ అని పన్నెండు పేర్లు పేర్చి, వాటి పక్కన ఐదుకు నాలుగు నక్షత్రాలు వేసుకునేవారిని ఆ నాలుగు ఎవరు ఇచ్చారని అడిగితే జవాబు ఉండదు.

మార్కుల దగ్గర మనవాళ్లు తరచూ తెలియకుండానే తప్పు రాస్తారు. 7.8 సీజీపీఏ వస్తే పదితో గుణించి 78 శాతం అని వేసేస్తారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ సూత్రం ప్రకారం సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణించాలి, అంటే అది 73 శాతం. విశ్వవిద్యాలయాన్ని బట్టి సూత్రం మారుతుంది కాబట్టి మీ విశ్వవిద్యాలయం నిబంధన చూసుకుని, అది చెప్పినట్టే లెక్కగట్టండి. అన్నిటికన్నా సులువు, సీజీపీఏని సీజీపీఏగానే రాయడం. పది, ఇంటర్, డిగ్రీలలో 60 శాతం తప్పనిసరి అని కంపెనీ అడిగినప్పుడు ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. ఎంపికయ్యాక సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడితే అది పొరపాటని ఒప్పించడం కష్టం.

పేరు విషయం కూడా ఇలాంటిదే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఫారాలలో మాత్రం చివరి పేరు అని వేరుగా అడుగుతారు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకొకచోట ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో మరోలా ఉంటే నియామక పత్రం వచ్చాక అఫిడవిట్ల కోసం తిరగవలసి వస్తుంది. పదో తరగతి మెమోలో ఉన్న పేరునే, అదే అక్షరక్రమంతో రెజ్యూమేలోనూ వాడండి. చదువయ్యాక మూతపడే అవకాశమున్న కాలేజీ ఈమెయిలుకు బదులు సొంత పేరుతో ఉన్న ఈమెయిలు ఇవ్వండి. తండ్రి పేరు, కులం, మతం, పెళ్లయిందా లేదా, ఆధార్ సంఖ్య వంటివి ప్రైవేటు ఉద్యోగాల రెజ్యూమేలో అక్కరలేదు. ‘పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను’ అనే పేరా కూడా తీసేయవచ్చు. ప్రభుత్వోద్యోగాల దరఖాస్తుకు ఎలాగూ వేరే ఫారం ఉంటుంది.

చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఖాళీ వచ్చిన సంవత్సరాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు ఇళ్లలో ఇది చాలామంది కథ. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదిలో ఉండి గ్రూప్స్‌కు చదివినవారు, అవనిగడ్డ వెళ్లి డీఎస్సీకి సిద్ధమైనవారు, నోటిఫికేషన్ వాయిదా పడుతూ ఉంటే వయసు దాటిపోతోందని వెనక్కి వచ్చినవారు ఆ మూడేళ్లను దాచాలని చూస్తారు. దాచవద్దు. ‘2021–2024: రాష్ట్ర ప్రభుత్వ పోటీ పరీక్షలకు సన్నద్ధత’ అని ఒక్క పంక్తి చాలు. ప్రిలిమ్స్ దాటి ఉంటే అదీ చెప్పండి. ఆ కాలంలో ట్యూషన్లు చెప్పినా, నాన్నగారి దుకాణం చూసుకున్నా అది పనే, దానికీ ఒక పంక్తి ఇవ్వండి. పిల్లల పెంపకం కోసం ఉద్యోగం మానేసిన స్త్రీలు కూడా సంజాయిషీ ధోరణిలో కాకుండా, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకో రాసి ముందుకు సాగితే సరిపోతుంది.

ఆ ఖాళీని లేని అనుభవంతో పూడ్చుకోమని సలహా ఇచ్చేవారు, పత్రాలు కూడా తయారుచేసిస్తామనేవారు ఎదురవుతారు. పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగం 12 అంకెల యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత సంఖ్య) కింద చేరిన తేదీ, మానిన తేదీలతో సహా నమోదవుతుంది. అనుభవం ఉందన్న అభ్యర్థిని ఆ వివరాలు చూపమని అడిగే కంపెనీలు తక్కువేమీ కాదు. ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు బయటపడినా తొలగిస్తారు, అప్పటికి ఉన్న ఖాళీ ఇంకా పెద్దదవుతుంది.

రూపం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కొత్తవారికి ఒక పేజీ, అనుభవం ఉన్నవారికి రెండు పేజీలు, తాజా పని పైన, పాత పని కింద. పెద్ద కంపెనీలలో దరఖాస్తును మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది గనుక రెండు నిలువు వరుసల రంగుల నమూనాలు, పెట్టెలు, బొమ్మలు మానుకోండి. పీడీఎఫ్ తెరిచి, అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్కడ ఖమ్మం దుకాణం పేరు కింద ఇంటర్ మార్కులు వచ్చి పడితే, ఆ సాఫ్ట్‌వేర్‌కూ చాలావరకు అలాగే కనబడుతుందని అర్థం. ఉద్యోగ ప్రకటనలో ‘బ్యాంకు రీకన్సిలియేషన్’ (బ్యాంకు ఖాతాను మన లెక్కలతో సరిపోల్చడం) అని ఉంటే, ఆ పని మీరు నిజంగా చేసి ఉంటే, అదే మాట మీ కాగితంలోనూ ఉండాలి. అందుకే ఒకే రెజ్యూమేను నౌకరీ వెబ్‌సైట్‌లో కనబడిన రెండు వందల ఉద్యోగాలకు పంపడం కంటే, పదింటికి పంక్తుల క్రమం మార్చి పంపడం ఫలిస్తుందని నా అభిప్రాయం.

రాసేది ఇంగ్లిషులోనే కాబట్టి భాష మీద భయం సహజం. చిన్న వాక్యాలు, చేసిన పనిని చెప్పే క్రియతో మొదలయ్యేవి, సరిపోతాయి. చాట్‌జీపీటీతో వ్యాకరణం దిద్దించుకోవచ్చు. రెజ్యూమే మొత్తం దాని చేత రాయిస్తే మాత్రం వచ్చేది మళ్లీ హాస్టల్ ఫైలే, కాకపోతే ఇంకాస్త మంచి ఇంగ్లిషులో. అమెరికా, బ్రిటన్‌లకు పంపేటప్పుడు ఫొటో, వయసు ఉండకూడదు. గల్ఫ్ దేశాలకు పంపేటప్పుడు ఫొటో, వీసా వివరాలు జతచేయడం వాడుకలో ఉంది.

పంపే ముందు కాగితం మీద ప్రింటు తీసి, మీ పని తెలియని అన్ననో అక్కనో చదవమని, ప్రతి పంక్తి దగ్గరా ‘అంటే ఏం చేశావు?’ అని అడగమని చెప్పండి. జవాబు తడబడిన పంక్తిని తిరిగి రాయండి. ఫైలుకు ‘రెజ్యూమే ఫైనల్ 3’ అని కాక మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి. ఏ కంపెనీకి ఏ తేదీన ఏ ప్రతి పంపారో ఆ నోటుపుస్తకంలోనే రాసుకోండి. నెల తర్వాత తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు, అవతలివారి చేతిలో ఉన్న కాగితం ఏదో మీకు వెంటనే తెలియాలి.