మాంట్రియల్ చలికి నా కరోలా చక్రాలు

కెనడాలో మా మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. నా టొయోటా కరోలా కారుకి కంపెనీవి 225/40 ఆర్18: అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు. ఆ సైజులో వింటర్ టైర్ల ధర చూస్తే కళ్లు తిరిగాయి. పైగా టైరు పక్కభాగం పొట్టి. మంచు కింద దాగిన గుంతలో పడితే దెబ్బ రిమ్ముకే. అందుకే 205/55 ఆర్16కి దిగాను. మొత్తం ఎత్తు దాదాపు అంతే, స్పీడోమీటరు తేడా ఒక శాతం లోపే. రిమ్ములు స్టీలువే. అందం సంగతి ఏప్రిల్లో చూసుకోవచ్చు! ఈ చిన్న రిమ్ము బ్రేకు కాలిపర్‌కి (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) తగలడం లేదని మాత్రం షాపులో ఒకటి బిగించి తిప్పి చూపించమన్నాను. టైరు మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచురేకు గుర్తు ఉండాలి. ఉత్త ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) గుర్తు చాలదు. వింటర్ టైర్లకు విడిగా రిమ్ములు ఉన్నాయి కాబట్టి ఇప్పుడు మార్పిడి ఇంటి ముందే, జాకీతో. వంద కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు, దాన్ని కొలిచే టార్క్ రెంచితో, మళ్లీ చూస్తాను.